బొమ్మలు వేసే పిల్లవానికి బతుకుదెరువు ఏదీ?

భువనగిరి: పట్టణంలోని పాత దుకాణాల మీద చేతితో రాసిన బోర్డులు అక్కడక్కడ ఇంకా కనబడుతున్నాయి. ఎండకు రంగు వెలిసింది గాని అక్షరం వంకర పోలేదు. బోర్డు మూలన చిన్నగా రాసినవాని పేరు, దాని పక్కన 'ఆర్ట్స్' అన్న మాట. ఒకప్పుడు కిరాణం కొట్టు పెట్టినా, పిండి గిర్నీ పెట్టినా, ఎన్నికలలో నిలబడినా ముందుగా వెతుక్కుంటూ పోయేది ఆ పేరు గలవాని దగ్గరికే. దసరాకు ముందు నెల రోజులు వానికి నిద్ర ఉండేది కాదు. ఎన్నికలు వస్తే గోడల మీద గుర్తులు వేయడానికి నిచ్చెన భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు.

2000 తరువాత ఫ్లెక్సీ యంత్రం వచ్చింది. మొదట హైదరాబాదులో, తరువాత జిల్లా కేంద్రాలలో, ఆ పైన చిన్న చిన్న పట్టణాలలో. వారం రోజుల పని గంటలో అయిపోసాగింది. బోర్డు రాసేవారిలో కొందరు ఇండ్లకు సున్నాలు, రంగులు వేసే పనిలోకి పోయారు. కొందరు ఆటోలు కొనుక్కున్నారు. కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు పేర్చడం నేర్చుకున్నవారు కొద్దిమంది. ఆ కొద్దిమందే ఇప్పటికీ ఈ వృత్తిలో ఉన్నారు.

అక్కడితో ఈ కథ ముగిసిపోయిందనుకున్నారు చాలామంది. కాని ఇప్పుడు జిల్లాలో మరో తరం పిల్లలు బొమ్మల వెంట పడుతున్నారు. ఆలేరు, ఆత్మకూరు, వలిగొండ, రామన్నపేట వైపు గ్రామాలలో ఇంటర్ చదివే పిల్లవాని చేతిలో సెల్‌ఫోన్, ఒళ్ళో డ్రాయింగు షీటు కనబడితే ఆశ్చర్యపోనక్కర లేదు. ఫోనులో చూసి, ఆపి, మళ్ళీ చూసి, ముఖం మీది ముడతను, కంటిలోని నీటి మెరుపును పెన్సిలుతో దింపుతున్నారు. చూసినవారు "అచ్చం ఫొటువ లెక్కనే ఉన్నది" అంటారు. ఆ మాట కోసం పిల్లవాడు నెల రోజులు కష్టపడతాడు. చిక్కు ఆ మాటలోనే ఉంది. దాని సంగతి తరువాత.

పెన్సిలు తరువాత కొందరి కన్ను ఎయిర్‌బ్రష్ మీద పడుతున్నది. పేరుకు బ్రష్షే గాని దీనికి కుచ్చు ఉండదు. కలంలాంటి గొట్టం, లోపల సన్నని సూది, పైన రంగు పోసే చిన్న గిన్నె, వెనుక గాలి పంపే కంప్రెసర్. వేలితో మీట నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే రంగు వస్తుంది. ముక్కు రంధ్రం మిల్లీమీటరులో రెండు మూడు వంతులే (0.2, 0.3). అంటే దారం కన్నా సన్నని గీత గీయవచ్చు. దూరంగా పట్టుకుంటే మంచు తెరలాంటి నీడ వేయవచ్చు. గీత కనబడకుండా నలుపు నుంచి తెలుపుకు జారిపోయే ఛాయ ఈ పనిముట్టుకే సొంతం. 19వ శతాబ్దం చివరిలో అమెరికాలో పుట్టిన ఈ పరికరాన్ని ఫొటోలు దిద్దడానికే ఎక్కువగా వాడారు.

దీనికి బడి లేదు. ఉన్నా అది భువనగిరికి దగ్గరలో లేదు. కాబట్టి నేర్చుకునేవాడు రంగు పలచన ఎంత ఉండాలో పది సార్లు పాడుచేసుకుని తెలుసుకోవాలి. పలచన ఎక్కువైతే సాలెపురుగు కాళ్ళలా పారిపోతుంది, చిక్కనైతే సూది దగ్గర గడ్డకడుతుంది. రంగు పడకూడని చోట మూత వేయాలి. బోర్డు రాసిన పాతవారు పనికిరాని ఎక్స్‌రే ఫిల్మును బ్లేడుతో కోసి అక్షరాల అచ్చులు చేసుకునేవారు. ఆ విద్య ఇక్కడ సరిగ్గా పనికివస్తుంది. పని అయిన ప్రతిసారీ సూదిని తీసి కడగాలి. కడగనివాడు ఈ విద్యలో నెల కూడా నిలవడు.

ఒక మాట తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. ఎయిర్‌బ్రష్ నుంచి వచ్చే రంగు తుంపర కంటికి కనబడనంత సన్నగా ఉండి ఊపిరితిత్తులలోకి పోతుంది. బండ్ల ట్యాంకుల మీద, హెల్మెట్ల మీద వేసే లాకరు రంగులు, థిన్నరు మరీ ప్రమాదం. రుమాలు కట్టుకుంటే ఆగేది కాదు. ఆవిరిని పట్టే గుళికలున్న మాస్కు కావాలి, గాలి బయటికి పోయే కిటికీ కావాలి. తలుపులు మూసిన చిన్న గదిలో రాత్రంతా రంగు చల్లే పిల్లవానిని చూసి "ఎంత పట్టుదల" అని మురిసిపోయే తండ్రి ముందు ఆ మాస్కు కొనిపెట్టాలి.

గురువు లేకుండా నేర్చుకున్న విద్య విద్యేనా అని పెదవి విరిచేవారున్నారు. ఈ ప్రాంతంలోని ఇండ్లలో పటాలుగా పూజలందుకున్న లక్ష్మీదేవికి, సరస్వతీదేవికి ఆ రూపం దిద్దినవారిలో ముఖ్యుడైన రాజా రవివర్మ (1848-1906) తైలవర్ణాల పని చాలావరకు తనంతట తానే నేర్చుకున్నాడు. ట్రావన్‌కోర్ దర్బారుకు వచ్చిన థియోడర్ జెన్సన్ అనే విదేశీ చిత్రకారుడు ఆయనకు నేర్పడానికి ఒప్పుకోలేదు. తాను వేస్తుండగా చూడడానికి మాత్రం అంగీకరించాడు. ఆ చూపుతోనే పని పట్టుకున్నాడు. 1894లో బొంబాయి దగ్గర అచ్చుయంత్రం పెట్టించి ఆ బొమ్మలను పేదవాని గోడకు చేర్చాడు.

అంత దూరం పోవడం ఎందుకు? ఆలేరు పక్కన శారాజీపేట వాడైన చింతకింది మల్లేశం బడి మధ్యలో మానేసినవాడు. ఒక్క చీరకు ఆసు పోయడానికి తల్లి చేయి సుమారు 9,000 సార్లు ఇటూ అటూ తిరగడం చూసి, ఆమె భుజాల నొప్పి చూడలేక, ఎలక్ట్రికల్ పుస్తకాలు తనంతట తాను చదువుకుని 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. తల్లి పేరు మీదనే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మధ్యలో ఎన్ని ఏండ్లు జనం ఎగతాళి చేశారో ఆ ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి ఈ జిల్లాలో స్వయంగా నేర్చుకున్నవానిని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

అయితే మల్లేశం ఒక అవసరాన్ని చూసి నేర్చుకున్నాడు. బొమ్మలు వేసే పిల్లలలో ఎక్కువమంది మెప్పు కోసం నేర్చుకుంటున్నారు. తేడా ఇక్కడే వస్తున్నది.

ఫొటోలా వేయడం అనే పద్ధతి అమెరికాలో 1960ల చివర పెద్ద కళా ఉద్యమమైంది. చక్ క్లోజ్ అనే చిత్రకారుడు 1967-68లో తన ముఖాన్నే దాదాపు 9 అడుగుల ఎత్తున నలుపు తెలుపులలో వేశాడు. అందులో ఎయిర్‌బ్రష్ పని ముఖ్యం. ఫొటో మీద గడులు గీసి, ఒక్కొక్క గడిని పెద్ద గుడ్డ మీదికి ఎక్కించాడు. గడుల పద్ధతి సినిమా హోర్డింగులు వేసినవారికి కొత్త కాదు. హీరో ముఖాన్ని ఇరవై అడుగులకు పెంచడానికి వారు చేసింది అదే.

పోచంపల్లి మగ్గాల వారికి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. చిటికి కట్టేవాడు ముందు గ్రాఫు కాగితం మీద చిన్న చిన్న గడులు నింపి డిజైను వేస్తాడు. ఏ గడిలో ఏ రంగు పడాలో చూసి నూలుకు కట్లు కడతాడు, రంగులో ముంచుతాడు. నేసిన తరువాత గడులన్నీ కలిసి చిలుక అవుతుంది, ఏనుగు అవుతుంది. కంప్యూటర్ తెర మీది బొమ్మ కూడా గడుల ముద్దే. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు గల బొమ్మను మంచిగా అచ్చు వేయాలంటే అంగుళానికి 300 గడుల లెక్కన 3,600 అడ్డం, 5,400 నిలువు, మొత్తం ఒక కోటీ 94 లక్షల 40 వేల గడులు కావాలి. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ తెర మీద ముద్దుగా కనబడి పెండ్లి కార్డు మీద మసకగా పడడానికి కారణం ఈ గడులు తగ్గిపోవడమే. అలాగే తెర మీద మెరిసే చిలకపచ్చ రంగు కాగితం మీద వాడిపోతుంది. తెర వెలుగుతో రంగు చేస్తుంది, అచ్చు సిరాతో చేస్తుంది. రెండింటి లెక్క వేరు. ఈ రెండు విషయాలు తెలిసిన పిల్లవాడు అచ్చు పనిలో ఎవరికైనా పనికివస్తాడు. తెలియనివాడు ఎంత గొప్పగా వేసినా మొదటి ఆర్డరుతోనే మాట పడతాడు.

డిజిటల్ పనికి పెట్టుబడి ఒకప్పటంత లేదు. ఫొటోషాప్ 1990లో మొదటిసారి వచ్చినప్పుడు అది సామాన్యునికి అందే వస్తువు కాదు. ఇవాళ కృత, గింప్ వంటివి రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. పైసలు పెట్టవలసింది ఒత్తిడిని గుర్తించే కలం, పలక మీద. దొంగచాటుగా తెచ్చుకున్న సాఫ్ట్‌వేరుతో పని నేర్చి, పెద్ద సంస్థకు పోయి అదే అలవాటు చూపి ఉద్యోగం పోగొట్టుకోవడం కన్నా ఉచితమైన దానితో నిజాయితీగా మొదలుపెట్టడం మేలు.

ఇక ముందు వదిలిన మాట. "ఫొటో లెక్కనే ఉన్నది" అన్న మెప్పు బతుకుదెరువు కాదు. ఫొటో తీయడానికి ప్రతి జేబులో ఫోను ఉంది. 2022 నుంచి మాట చెబితే బొమ్మ తయారుచేసే యంత్రాలు సామాన్యుల చేతికి వచ్చాయి. నాయకుని ముఖం, నటుని ముఖం ఫొటోలా దింపే పని అవి క్షణాలలో చేస్తున్నాయి. ఫ్లెక్సీ వచ్చినప్పుడు అక్షరం రాసేవాడు ఎలా చెదిరిపోయాడో, ఇప్పుడు ఫొటోకు నకలు చేసేవాడు అలాగే చెదిరిపోతాడు. ఈ మాట కటువుగా ఉన్నా పిల్లలకు ఇప్పుడే చెప్పాలి. నాలుగేండ్లు పోయాక చెప్పి లాభం లేదు.

మరి నిలిచేది ఏమిటి? ఈ జిల్లా ఆత్మకూరు మండలం కదిరేనిగూడెం నుంచి వచ్చిన ఏలే లక్ష్మణ్ పని చూడాలి. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని రూపొందించినవాడిగా ఆయన పేరు అందరికీ తెలుసు. అంతకు ముందు నుంచీ ఆయనకు పేరు తెచ్చినవి తన ఊరివాళ్ళ బొమ్మలు. నేత కుటుంబంలో పుట్టినవాడు కాబట్టి చీర మడత ఎక్కడ నలుగుతుందో, ముసలమ్మ చెవి కమ్మ బరువుకు తమ్మె ఎంత సాగుతుందో ఎవరూ చెప్పనవసరం లేదు. నల్లగొండ జిల్లా వాడే అయిన పామర్తి శంకర్ నెల్సన్ మండేలా ముఖాన్ని క్యారికేచర్‌గా వేసి 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రీ గెలిచాడు. మండేలా ఫొటోలు లోకంలో లక్షలున్నాయి. బహుమతి ఫొటోకు రాలేదు, ఆ ముఖాన్ని శంకర్ చూసిన చూపుకు వచ్చింది.

పనితనం వద్దని దీని అర్థం కాదు. ముడతను ముడతలా వేయడం రానివాడు దేనిని వదలాలో, దేనిని పెంచాలో తేల్చుకోలేడు. రెండేండ్లు నకలు వేసి చేయి సాధించాలి. ఆ తరువాత పిల్లవాడు ఫోను పక్కన పెట్టి భువనగిరి గుట్ట ఎదుట కూర్చోవాలి. ఒకే రాయిగా లేచిన ఆ గుట్ట పొద్దున ఆరు గంటలకు ఒక రంగు, మిట్టమధ్యాహ్నం మరొకటి, వాన వెలిసిన తరువాత నల్లగా ఏనుగు వీపులా ఇంకొకటి. త్రిభువనమల్లుని కోటగోడ నీడ దాని మీద ఎట్లా పడుతుందో ఇంటర్నెట్టులో దొరకదు. హైదరాబాదులో సినిమాలకు, ఆటలకు, పుస్తకాలకు బొమ్మలు వేయించుకునేవారు వెతుకుతున్నది ఇటువంటి కన్ను గలవారినే. తెలంగాణ పల్లె ఇల్లు వేయమంటే పెంకుల వరుస తెలియక కేరళ ఇల్లు వేసి ఇచ్చేవారు అక్కడ చాలామంది ఉన్నారు.

ఇప్పుడు పైసల సంగతి. స్వయంగా నేర్చుకున్నవాడు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. ఊరి పెద్ద పుట్టినరోజుకు బొమ్మ కావాలంటాడు. "వేయి బిడ్డా, నీకే పేరొస్తది" అంటాడు. పది రోజులు కూర్చుని వేస్తే శాలువా కప్పి ఫొటో దిగుతారు. అడిగితే బాగుండదని పిల్లవాడు అడగడు. పిల్లవాడు మొహమాటపడి 1,500 రూపాయలు తీసుకున్నాడే అనుకుందాం. పది రోజుల పనికి రోజుకు 150 పడింది. రాష్ట్రంలో 2025-26కు ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మట్టి తవ్వినా దానికి రెట్టింపు వచ్చేది. తాపీ మేస్త్రీని "పేరొస్తది, గోడ కట్టు" అని ఎవరైనా అడుగుతారా?

పని ఒప్పుకున్న రోజే సగం పైసలు తీసుకోవాలి. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో, ఎప్పుడు ఇస్తారో కాగితం మీద రాసుకోవాలి. కనీసం ఫోనులో మెసేజి పెట్టి "సరే" అనిపించుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం గురించి కూడా తెలిసి ఉండాలి. ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం పటం వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ పటం మీద కాపీరైటు వేయించుకున్నవారిదేనని 17వ సెక్షన్ చెబుతున్నది. ఉద్యోగంలో ఉండి వేసినది యజమానికి చెందుతుంది. చాలామంది పిల్లలు చేయి తమది కాబట్టి హక్కు తమదే అనుకుంటున్నారు. అది పొరపాటు. హక్కు ఉంచుకోదలచినవాడు ముందుగానే రాయించుకోవాలి. ఇతరులకు హక్కు ఇచ్చేటప్పుడు రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. ఎంత కాలానికో రాయకపోతే 5 సంవత్సరాలకే ఇచ్చినట్లు లెక్క అని 19వ సెక్షన్. హక్కు అమ్ముకున్నా, ఆ బొమ్మ వేసింది తానేనని చెప్పుకునే హక్కు మాత్రం పోదు.

తల్లిదండ్రులలో రెండు రకాలవారున్నారు. "బొమ్మలు కూడు పెడతయా" అని షీట్లు చింపేసేవారు ఒకరు. నాలుగు లైకులు చూసి చదువు మానిపించేవారు మరొకరు. ఇద్దరూ తొందరపడుతున్నారు. చదువు సాగిస్తూనే డ్రాయింగులో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాయవచ్చు. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే ఈ పరీక్షలు, వాటి తరువాత టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్టు డ్రాయింగు ఉపాధ్యాయ పోస్టుకు దారి. ఇంటర్ అయినవారు హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ప్రవేశ పరీక్ష రాయవచ్చు. అక్కడి అప్లైడ్ ఆర్ట్ కోర్సు ఈ పిల్లల పనికి దగ్గరిది. సొంతంగా నేర్చుకున్నవాడు కళాశాలకు పోతే చేయి పాడవుతుందన్న అపోహ కొందరిలో ఉంది. చేయి పాడుకాదు. తనకన్నా బాగా వేసేవారు ఇరవైమంది ఒకే గదిలో కనబడతారు, అంతే. అది కూడా అవసరమే.

ప్రభుత్వం వైపు చూస్తే నిరాశే. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, శిల్పి, దర్జీ, మంగలి, చాకలి, పూలదండలు కట్టేవారు కూడా ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత 2 లక్షల రుణం. ఆ జాబితాలో బోర్డు రాసే పెయింటరు లేడు. చేతితో, పనిముట్టుతో, తరతరాల అనుభవంతో చేసే పని అదీ. యంత్రం వచ్చి మొదట కొట్టినది అతనినే. దరఖాస్తు పట్టుకుని మీ సేవ కేంద్రానికి పోతే వృత్తి గడిలో నింపడానికి అతనికి మాట లేదు. ఈ ప్రాంత పార్లమెంటు సభ్యులు పార్టీ ఏదైనా ఢిల్లీలో అడగవలసిన ప్రశ్న ఇది.

జిల్లాలో చేయగలిగిన పనులూ ఉన్నాయి. 2022 జులై 1 నుంచి 100 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు దేశమంతటా నిషిద్ధం. మందమైన ఫ్లెక్సీ అయినా వాడిన తరువాత చెరువు కట్ట మీదికో, పశువుల కొట్టం మీదికో చేరేదే. ప్రభుత్వ కార్యక్రమాలకు బట్ట బ్యానర్లే కట్టాలని, పాఠశాలల, ఆసుపత్రుల, గ్రామ పంచాయతీల గోడల మీది రాతలు, బొమ్మలు స్థానిక చిత్రకారులతోనే చేయించాలని కలెక్టరు ఒక ఉత్తర్వు ఇస్తే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. ఆ పనికి చదరపు అడుగుకు ఇంత అని ధర నిర్ణయించి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు పీరియడు లెక్కల సారుకో ఇంగ్లీషు సారుకో పోకుండా చూడాలి. పాత బోర్డు పెయింటర్లు ఇంకా బతికే ఉన్నారు. వారిలో ఇద్దరు ముగ్గురిని వేసవి సెలవులలో నెల రోజులు గౌరవ వేతనం మీద పిలిపించి, కలం పట్టిన ఈ కొత్త పిల్లల పక్కన కూర్చోబెడితే చాలు. అక్షరం నిలబెట్టడం వీరికి రాదు, తెర మీద పని వారికి రాదు. వచ్చే వేసవికి ఇంకా సమయం ఉంది. జిల్లా విద్యాశాఖ అధికారి ఇప్పుడే పేర్లు రాసుకుంటే సరిపోతుంది.